ఆ అబ్బాయిని చూస్తే నాకెందుకు భయం?

ప్రశ్న: మేం తిరుపతిలో తిరుచానూరు రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. నాకు 31 ఏళ్లు. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఆరేళ్ల పాప ఉంది. ఇప్పుడు మళ్లీ ఆరో నెల. మా పక్క ఫ్లాట్‌లో ఉండే అక్కకు 19 ఏళ్ల కొడుకు. డౌన్ సిండ్రోమ్. మాట ముద్దగా వస్తుంది, వయసుకు తగ్గ బుద్ధి లేదంటారు. పొద్దున్నే కింద బూత్ నుంచి నాలుగైదు ఇళ్లకు పాల ప్యాకెట్లు తెచ్చిస్తాడు. ప్యాకెట్లన్నీ మెట్ల పక్కన పిట్టగోడ మీద వరసగా పెట్టుకుని, ఎవరి ఇంటివి వాళ్ల పేరు గొణుక్కుంటూ విడదీస్తాడు. మాకు ఎప్పుడూ లెక్క తప్పలేదు. అయినా అతను లిఫ్టు ఎక్కితే నా ఒళ్లు బిగుసుకుపోతుంది. మొన్న నా బ్యాగు అందుకోబోతే చటుక్కున లాక్కుని, పాపను నా వెనక్కి తోశాను. కడుపుతో ఉన్నావు, పొద్దున్నే వాడి మొహం చూడొద్దని మా అత్త రోజూ చెబుతుంది. వాళ్ల వంశంలోనే ఏదో దోషం ఉందని కూడా అంటుంది. నేను చదువుకున్నదాన్ని, ఇవేవీ నమ్మను. కానీ తలుపు తీసే ముందు అతను బయట ఉన్నాడేమోనని తలుపు కన్నంలోంచి చూస్తున్నాను. పోయిన వారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన ‘ఆ అబ్బాయిని ఒంటరిగా లిఫ్టులో పంపొద్దు, ఆడపిల్లలున్న ఇళ్లు’ అని పెడితే నేనూ థంబ్స్ అప్ పెట్టాను. అప్పటి నుంచి అక్క నాతో మాట్లాడడం లేదు. పాలు రావడం లేదు. ‘అన్న అంటే నీకు భయమా అమ్మా?’ అని పాప అడిగింది, ఏమీ చెప్పలేకపోయాను. వచ్చే నెల సీమంతం. వాళ్లను పిలవాలా? అత్త వద్దంటోంది. అసలు నాలో ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది? నేను చెడ్డదాన్నా?

పేరు వద్దు, తిరుపతి

జవాబు: చెడ్డదాన్నా కాదా అన్నది పక్కన పెట్టండమ్మా. దానికి నేను ఏ తీర్పు చెప్పినా ఆ పక్కింటివాళ్లకు ఒరిగేదేమీ లేదు. భయం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న మాత్రం పనికొచ్చేది. మీరు ఒక్క భయం అనుకుంటున్నారు గానీ మీ ఉత్తరంలో నాలుగైదు ఉన్నాయి, ఒకదాన్నొకటి పట్టుకుని.

ముందు లిఫ్టు సంగతి చూద్దాం. అతని ముఖం, మాట వేరుగా ఉండడం వల్లే భయమేస్తోందని మీరు అనుకుంటూ ఉండొచ్చు. అదే నిజమైతే మన గంగమ్మ జాతరకు ఎవరూ పిల్లల్ని తీసుకెళ్లకూడదు. ఒళ్లంతా సుద్ద పూసుకున్న బైరాగి వేషం, బొగ్గు పూసుకున్న తోటి వేషం, చీర కట్టుకుని మీసాలు తిప్పే మగవాళ్లు, నోటికొచ్చిన బూతులు. ఇంత ఉన్నా పాపను వెనక్కి తోయం, భుజాల మీద ఎక్కించుకుని మరీ చూపిస్తాం. ఆ వేషగాడు ఎదురుపడితే ఏం చేస్తాడో, మనం ఏం చేయాలో చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి. తిడితే నవ్వి ఊరుకుంటాం.

ఈ అబ్బాయి ఎదురుపడితే ఏం చేయాలో మీకు ఎవరూ నేర్పలేదు. మీరు చదివిన బడిలో ఇలాంటి పిల్లలు మీ పక్క బెంచీలో కూర్చుని ఉండరు. వాళ్లను ఇంట్లోనే పెట్టుకునేవాళ్లు, లేదా వేరే స్కూలుకు పంపేవాళ్లు. సినిమాల్లో చూసి ఉంటారు. అక్కడ వాళ్లు నవ్వించడానికైనా ఉంటారు, భయపెట్టడానికైనా ఉంటారు, మామూలుగా పాలు తెచ్చేవాడిగా ఎవరూ చూపించరు. అతను బ్యాగు వైపు చెయ్యి చాచినప్పుడు సాయానికా, లాక్కోవడానికా అన్నది మీకు అంతుపట్టలేదు. అంతుపట్టనిచోట మెదడు ముందు అపాయం అనే అనుకుంటుంది, తర్వాత తీరిగ్గా ఆలోచిస్తుంది. మీ చెయ్యి వెనక్కి వచ్చింది ఆ మొదటి క్షణంలో. దాన్ని నేను పెద్దగా తప్పు పట్టను.

ఇంకొక పొరపాటు కూడా దీనికి తోడవుతుంది. పిచ్చి, బుద్ధిమాంద్యం రెండూ ఒకటేనని మనలో చాలామంది లెక్క. కాదు. మానసిక జబ్బు ఎవరికైనా, ఏ వయసులోనైనా రావచ్చు, వైద్యంతో తగ్గొచ్చు. బుద్ధిమాంద్యం జబ్బు కాదు. అది పుట్టుకతోనో, ఎదిగే వయసులోనో మొదలవుతుంది. తెలివితేటల పరీక్షలో సుమారు 70 కంటే తక్కువ రావడం ఒక్కటే చాలదు, రోజువారీ పనులు సొంతంగా చక్కబెట్టుకోవడంలో కూడా ఇబ్బంది ఉంటేనే డాక్టర్లు ఆ మాట అంటారు. నేర్చుకోవడం నెమ్మది, అంతే. ఇంటింటి లెక్క ప్రకారం ప్యాకెట్లు విడదీయడం అతనికి ఎవరో ఓపిగ్గా నేర్పి ఉంటారు. ఎన్నాళ్లు పట్టిందో ఆ తల్లిని అడిగితే తెలుస్తుంది.

ఇక తలుపు కన్నం. నమ్మనంటూనే తొంగి చూడడం మీ ఒక్కరి బలహీనత కాదు. పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ఒక ప్రయోగం ప్రచురించారు. రెండు ఖాళీ సీసాల్లో మనుషుల కళ్ల ముందే చక్కెర పోశారు. ఒకదాని మీద ‘చక్కెర’ అని, రెండోదాని మీద ‘సైనైడ్’ అని రాసిన చీటీలను వాళ్ల చేతే అతికించారు. లోపల ఉన్నది చక్కెరేనని తెలుసు, చీటీ అంటించింది తామేనని తెలుసు. అయినా సైనైడ్ చీటీ ఉన్న సీసాలోని చక్కెర కలిపిన నీళ్లు తాగడానికి వెనకాడారు. తెలిసిన విషయం ఒకవైపు, ఒంట్లో పుట్టే జంకు ఇంకోవైపు. మీ అత్త రోజూ పొద్దున్నే ఒక చీటీ అంటిస్తోంది. మీరు చదువుకున్నారని ఆ చీటీ ఊడిపోదు.

చూపు వల్ల కడుపులో బిడ్డకు ఏమీ కాదని మీకు తెలుసు, నేను మళ్లీ పాఠం చెప్పను. డౌన్ సిండ్రోమ్ ఎందుకొస్తుందో మాత్రం ఒక్క ముక్క చెబుతాను, మీ అత్త ‘వంశం’ అంది కాబట్టి. మనకు 21వ క్రోమోజోములు రెండు ఉంటాయి. వాళ్లకు మూడు. ఫ్రాన్స్‌లో జెరోమ్ లెజ్యూన్ బృందం 1959లో ఈ సంగతి బయటపెట్టింది. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటు ఇది, ఎక్కువ శాతం కాకతాళీయం. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది. వంశపారంపర్యంగా వచ్చేది చాలా కొద్దిమందిలో. మీ సొంత బిడ్డ గురించి దిగులు ఏదైనా ఉంటే ఐదో నెల స్కానింగ్ రిపోర్టు పట్టుకుని మీ డాక్టరమ్మను అడగండి. ఆ దిగులు న్యాయమైనదే. దానికి జవాబు డాక్టరు దగ్గర దొరుకుతుంది, పక్కింటి అబ్బాయిని తప్పించుకు తిరిగితే దొరకదు.

నా లెక్కలో అసలు వేరు ఇంకా లోపల ఉంది. ‘వాళ్ల వంశంలో దోషం’ అన్న మాట ఎందుకు అంత హాయిగా ఉంటుందో ఆలోచించారా? దోషం వాళ్లదైతే మనం క్షేమం. ఏ తప్పూ చేయని ఇంట్లో ఇలాంటిది జరగొచ్చని ఒప్పుకుంటే, రేపు మన ఇంట్లోనూ జరగొచ్చని ఒప్పుకోవాలి. ఆరో నెల కడుపుతో ఉన్న మనిషికి అంతకంటే భయపెట్టే ఆలోచన ఉండదు. అందుకే మనసు ఒక కారణం వెతుక్కుంటుంది: పూర్వజన్మ పాపం, తాతల నాటి శాపం, గ్రహణం నాడు బయట తిరగడం, మేనరికం. చివరిదాంట్లో కొంత నిజం ఉంది, దగ్గరి రక్తసంబంధంలో చేసుకుంటే కొన్ని రకాల జన్యు లోపాలకు అవకాశం పెరుగుతుంది. కానీ జనం ఆ మాట సైన్సు కోసం అనరు, నేరం ఎవరి మీదైనా మోపడానికి అంటారు. ‘చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా’ అని మనవాళ్లు ఊరికే అనలేదు.

అమెరికాలో మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో దీన్ని పరీక్షించి చూశారు. ఒక అమ్మాయికి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు ఇస్తున్నట్టు విద్యార్థినులకు చూపించారు. నిజానికి అది నటన. ఆమె బాధ ఆపే దారి దొరికినవాళ్లు ఆమె గురించి చెడుగా అనలేదు. బాధ ఇంకా సాగుతుంది, మీరు చేయగలిగింది ఏమీ లేదు అన్నప్పుడు చూసేవాళ్లు మెల్లగా ఆమెనే చులకన చేయడం మొదలుపెట్టారు. లోకం న్యాయంగానే నడుస్తోందని నమ్మాలంటే బాధపడేవాళ్లకు ఏదో లోపం ఉండి తీరాలి. ఈ ప్రయోగంలో నాకు ముఖ్యంగా తోచేది ఆ మొదటి సగం. చేయడానికి ఏదైనా ఉన్నప్పుడు మనిషికి నింద అవసరం పడలేదు. మీకేం చేయాలో చెప్పేటప్పుడు మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

వంశదోషం అన్నది పల్లెటూరి ముసలమ్మల మాట అని కొట్టిపారేయకండి. సూటు బూటు వేసుకున్న న్యాయమూర్తులు కూడా అన్నారు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు క్యారీ బక్ అనే యువతికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడం సబబేనంది. తల్లి, ఆమె, ఆమె బిడ్డ, మూడు తరాల బుద్ధిహీనులు చాలన్నారు తీర్పు రాసిన హోమ్స్ అనే జడ్జి. ఆ బిడ్డ అప్పటికి పసిపిల్ల. తర్వాత బడిలో చేరి మంచి మార్కులు తెచ్చుకుంది, ఎనిమిదేళ్లకే జబ్బు చేసి పోయింది. అలాంటి చట్టాల కింద ఆ దేశంలో 60 వేల మందికి పైగా ఆపరేషన్లు చేశారు. చదువు ఈ భయాన్ని పోగొడుతుందనుకుంటాం. కొన్నిసార్లు దానికి మంచి ఇంగ్లీషు నేర్పి కోర్టుకు పంపుతుంది.

చదువు మాట వచ్చింది కాబట్టి మీ ఉద్యోగం గురించి కూడా ఒక మాట. కోపం తెచ్చుకోకండి. తిరుపతిలో ఏ గోడ చూసినా ర్యాంకుల ఫ్లెక్సీలే. మీ పొద్దంతా మార్కులు కొలవడంలోనే గడుస్తుంది. ఎవడు ఏ సెక్షన్, ఎవడికి ఎంత వచ్చింది, ఎవడు కింద బ్యాచ్‌కు దిగాడు. ఏళ్ల తరబడి మనిషిని ఆ కొలతతోనే చూస్తున్న కళ్లు, ఇంటికొచ్చాక ఆ కొలతకు అందనివాణ్ణి చూసి తడబడడంలో ఆశ్చర్యం లేదు. లెక్క రాని పిల్లవాణ్ణి క్లాసులో మీరు ఏమని తిడతారో ఒకసారి గుర్తు చేసుకోండి. ‘మొద్దు’, ‘మెంటలా నీకు?’ లాంటివి మీ నోట రాకపోయినా స్టాఫ్ రూములో రోజూ వింటూనే ఉంటారు. ఆ మాటలు తగిలేది ఆ పిల్లవాడికి ఒక్కడికే కాదు. ఆ క్లాసులో ఎవరికో ఇంట్లో ఇలాంటి తమ్ముడు ఉండొచ్చు, ఎవరికీ చెప్పకుండా.

ఎందుకు చెప్పరంటే, మచ్చ ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సమాజ శాస్త్రవేత్త 1963లోనే దీని గురించి రాశారు. మనకు ఆయన చెప్పనక్కర్లేదు, పెళ్లిచూపుల్లో కనిపిస్తుంది. ‘అబ్బాయి తమ్ముడికి అలా అట’ అని తెలిసిన సంబంధం ఎన్నాళ్లు నిలుస్తుంది? వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ కోసం ఆసుపత్రికి వచ్చే తల్లుల్లో కొందరు బస్సు దిగగానే బిడ్డ ముఖం మీదికి కొంగు లాగుతారు. మన చూపు ఎలాంటిదో వాళ్లకు తెలుసు.

ఇప్పుడు మీరు అడగకుండా అడిగిన ప్రశ్న: ఆడపిల్ల ఉన్న ఇల్లు కదా? దీన్ని దాటవేస్తే మీరు నా మాట నమ్మరు. ఆరేళ్ల పాపను ఏ పెద్ద మనిషితోనూ లిఫ్టులో ఒంటరిగా పంపకండి. ఈ అబ్బాయితోనే కాదు, వాచ్‌మన్‌తో, ట్యూషన్ సారుతో, ఆ మెసేజ్ పెట్టిన పెద్దాయనతో కూడా. ఎవరు ఎక్కడ ముట్టుకోకూడదో పాపకు చెప్పండి. ఈ నియమం అందరికీ ఒకేలా ఉంటే అది జాగ్రత్త. ఒక్క ముఖం చూసి పెడితే అనుమానం. మీ ఉత్తరంలో అతను చేసిన చెడ్డపని ఒక్కటీ లేదు. అతను చేసినవి రెండే: పాలు తెచ్చాడు, బ్యాగు పట్టుకోబోయాడు. నిజానికి ఇలాంటివాళ్లు ఇతరులకు హాని చేయడం కంటే ఇతరుల చేతిలో హింసకు గురవడమే ఎక్కువ.

మారాలంటే ఏం చేయాలి? పుస్తకాలు చదివితే చాలదు. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో చెప్పింది ఇప్పటికీ గట్టిగా నిలబడింది. సమాన హోదాలో, ఒకే పని కోసం, పోటీ లేకుండా, పెద్దల మద్దతుతో మనుషులు కలిస్తే వివక్ష తగ్గుతుందని. 2006లో పెటిగ్రూ, ట్రాప్ అనే ఇద్దరు 500కు పైగా అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. మనుషులు కలిసేకొద్దీ చాలావరకు దురభిప్రాయం తగ్గుతూనే వచ్చింది. తర్వాత వాళ్లే ఇంకొకటి గమనించారు. అవతలివాళ్ల గురించి సమాచారం పెరగడం కంటే, వాళ్ల దగ్గర ఉన్నప్పుడు కలిగే టెన్షన్ తగ్గడమే ఎక్కువ పనిచేసిందని. కాబట్టి ముందు మనసు మార్చుకుని తర్వాత కలుస్తానని కూర్చోకండి. గుండె దడ దడమంటున్నా లిఫ్టు ఎక్కి, ‘బాగున్నావా నాయనా, ఈరోజు ఎన్ని ప్యాకెట్లు?’ అని అడగండి. ఏదైనా అడగాలంటే అతన్నే అడగండి, పక్కన ఉన్న తల్లిని కాదు. జవాబు రావడానికి కాస్త సమయం పడుతుంది, తొందరపెట్టకండి.

జాలి పడడం మాత్రం మొదలుపెట్టకండి. భయం కంటే అది మేలనుకుంటాం. సుసాన్ ఫిస్క్, ఆమె తోటి పరిశోధకులు 2002లో చూపించినట్టు, వైకల్యం ఉన్నవాళ్లను జనం ‘మంచివాళ్లే గానీ చేతకానివాళ్లు’ అనే గూట్లో పెడతారు. ఆ గూట్లో ఉన్నవాళ్లకు అన్నం పెడతారు, పని ఇవ్వరు. తలుపు దగ్గర పాత బట్టలు ఇచ్చి ‘అయ్యో పాపం’ అంటే అతను పాలు తెచ్చే కుర్రవాడి నుంచి ముష్టివాడి స్థాయికి దిగిపోతాడు.

ముందు వాట్సాప్. థంబ్స్ అప్ తీసేస్తే సరిపోదు, అందరూ చూశారు. అదే గ్రూపులో రెండు ముక్కలు రాయండి: ‘పోయిన వారం ఆ మెసేజ్‌కు నేను సరేనన్నాను. అది తప్పు. ఆ అబ్బాయి వల్ల మా ఇంటికి ఏ ఇబ్బందీ రాలేదు, లిఫ్టు వాడుకునే హక్కు అందరితో పాటు అతనికీ ఉంది.’ ఇంతకంటే పొడిగించకండి. ఎవరైనా వాదానికి దిగితే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గురించి గుర్తు చేయండి. వైకల్యం పేరుతో వివక్ష చూపడం దాని ప్రకారం నిషిద్ధం. నలుగురి ముందు కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. ఆ మెసేజ్ అందులోకి వస్తుందా రాదా అన్నది వకీళ్ల పని. అసోసియేషన్ పెద్దలు నోరు జాగ్రత్తగా పెట్టుకుంటే చాలు.

ఆ తర్వాత అక్క దగ్గరికి వెళ్లండి. మెసేజ్ పెట్టాకే, ముందు కాదు. అత్త పోరు, కడుపుతో ఉన్న టెన్షన్ లాంటివి ఏకరువు పెట్టొద్దు. ఏడవొద్దు. మీరు ఏడిస్తే ఆమె మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది, ఆ పని ఆమెకు ఇప్పటికే చాలా ఉంది. లిఫ్టులో చేసింది, గ్రూపులో చేసింది తప్పని చెప్పి, అదే మాట ఆ అబ్బాయికీ చెప్పండి. పాలు ఆపింది అతనో, వాళ్లమ్మో మనకు తెలియదు. అతనే అయితే, జరిగింది అతనికి అర్థమైందన్నమాట. వాళ్లు వెంటనే కరిగిపోతారని ఆశ పెట్టుకోకండి. ఆమె ‘సరేలేమ్మా’ అని తలుపు వేసేస్తే కూడా మీ పని మీరు చేసినట్టే.

సీమంతానికి పిలవండి. బొట్టు పెట్టి, ఇద్దరినీ కలిపి. తల్లిని ఒక్కదాన్ని పిలిచి కొడుకును తేవద్దని సైగ చేయడం పిలవకపోవడం కంటే ఘోరం. అతను వస్తానంటే, తాంబూలం సంచులు పంచే పని చేస్తావా అని అతన్నే అడగండి. మనిషికొకటి, ఎవరూ మిగలకుండా ఇవ్వడం అతను రోజూ చేసే పనే. ఆ పనికి మీరు కూడా పక్కన నిలబడండి. ఆల్‌పోర్ట్ చెప్పింది ఇదే, లెర్నర్ ప్రయోగంలో మొదటి సగం కూడా ఇదే. చేయడానికి పని ఉంటే మనసు నిందలు వెతకదు. అతను ఇష్టం లేదంటే వదిలేయండి, బలవంతంగా చేయిస్తే అది ప్రదర్శన అవుతుంది.

మీ అత్తతో క్రోమోజోముల వాదన పెట్టుకోవద్దు, నెగ్గరు. ఆమె భయం మీ కడుపులో బిడ్డ గురించి, దాన్ని వెక్కిరించొద్దు. ‘అత్తా, డాక్టరమ్మ అంతా బాగుందంది. మన శుభకార్యం నాడు ఇంకొక తల్లి మనసు కష్టపెట్టడం నాకు ఇష్టం లేదు’ అనండి. ఇంకొకరి ఉసురు తగులుతుందన్న భయం ఆమెకు ఎలాగూ ఉంటుంది. ఈ ఒక్కసారికి అది మీ పక్షాన పనిచేస్తే పోనివ్వండి. మీ ఆయన్ను కూడా ఆ మాట అనమనండి. ఉత్తరంలో ఆయన ఎక్కడా కనిపించలేదు, ఇప్పుడైనా కనిపిస్తే మంచిది.

పాప అడిగినదానికి నిజమే చెప్పండి. ‘అవును, భయపడ్డాను. అన్నతో ఎలా మాట్లాడాలో అమ్మకు రాలేదు. అన్న తప్పేమీ లేదు.’ అన్న ఎందుకలా మాట్లాడతాడంటే, ‘పుట్టుకతోనే అంతే, అన్నకు నేర్చుకోవడానికి ఎక్కువ టైం పడుతుంది’ అంటే చాలు. ఆ పిల్ల అతన్ని అన్నా అని పిలుస్తోందంటే వాళ్లిద్దరికీ ఎప్పటి నుంచో మాటలున్నాయి. లిఫ్టులో అతనన్నది మీకు అర్థం కాకపోతే పాపను అడగండి, చెబుతుంది.